పిట్టకిచ్చిన మాట

ఆ రోజు పొద్దుటినుంచీ పెంటవ్వకు కాలు ఒకచోట నిలవలేదు. ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చింది. కడుపునిండా కుడితి తాగిన బర్రెను మళ్ళీ కుడితి గోలెం దగ్గరికి తోలి, అది మూతి తిప్పుకుంటే దాన్నే తిట్టింది. పొయ్యి మీద జొన్న గట్క ఉడుకుతుంటే తెడ్డు చేతపట్టుకొని బయటికి వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియక తెడ్డు వంక చూసుకొని మళ్ళీ లోపలికి పోయింది.

“గట్ల తిరుగుతుంటె ఇందూరు బస్సు నీ కాల్లకాడికే వస్తదనుకుంటున్నవా అత్తా? జెర కూసో,” అంది కోడలు లింగవ్వ, కూతురికి తల దువ్వుతూ.

“కూసుంటె గుండె గుబగుబ అంటున్నదే.”

“రేపు సభల నువ్వు చెప్పేది ఒక్క ముక్క. ‘నా కొడుకును సంపినోన్ని ఉరి తియ్యాలె’ అను. అని దిగు. గా ఒక్క ముక్కకు ఇంత తిరుగుడా?”

ఒక్క ముక్కే, కాదని ఎవరన్నారు? రెండేళ్ళుగా పెంటవ్వ ఆ మాట మీదే బతికింది. పొద్దున లేస్తే అదే మాట, పడుకుంటే అదే మాట. మొన్నటిదాకా మెత్తటి అన్నంలా దిగిన ఆ మాట ఇప్పుడు చేపముల్లులా గొంతుకు అడ్డం పడింది.

వాళ్ళది కోటగిరి పక్క పల్లె. కాలువ నీళ్ళు వచ్చినప్పటినుంచీ అక్కడ ఎవరి చేను చూసినా చెరుకే. కొట్టిన చెరుకును బండ్లకెత్తి బోధన్ చక్కెర మిల్లుకు తోలుతారు. మిల్లు ముందు బండ్లు వరసగా నిలబడతాయి. ఆ వరసలోనే వండుకోవడం, ఆ బండి కిందనే పడుకోవడం. ఎండకు చెరుకు వాడితే తూకం తగ్గుతుంది కాబట్టి వరసలో ఒక బండి ముందుకు జరగడమంటే చిన్న సంగతి కాదు. పెంటవ్వ కొడుకు నర్సన్న చాయ తాగి వచ్చేసరికి, వెనక ఉన్న దేవిదాస్ తన బండిని అతని బండి ముందుకు తోలేశాడు. దేవిదాస్‌ది కూడా అదే ఊరు. వాళ్ళ తాతలు మరాఠీ సీమ నుంచి వచ్చి స్థిరపడ్డారు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కాలువలో ఈత కొట్టినవాళ్ళే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నర్సన్న నోరు కూడా మంచిది కాదు. వరసలో అందరూ చూస్తుండగా దేవిదాస్ చెంప పగలగొట్టాడు, తల్లిని తిట్టాడు. దేవిదాస్ ఆ వేళ కిక్కురుమనలేదు. ఖాళీ బండ్లతో తిరిగివచ్చే రోజున కాలువ కట్ట మీద కాచుకొని, చెరుకు కొట్టే కత్తితో వెనకనుంచి నరికాడు.

ఆవేశంలో చేసింది కాదు, కాచుకొని చేశాడు అన్నది కోర్టు. అందుకే ఉరి. పైకోర్టు కూడా ఖాయం చేసింది. చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. దేవిదాస్ హైదరాబాదు జైల్లో ఉన్నాడు. ఇక మిగిలింది ఢిల్లీలో రాష్ట్రపతికి పెట్టుకొనే దయ అర్జీ ఒక్కటే.

ఇదంతా కోర్టు సంగతి. పెంటవ్వ సంగతి వేరే ఉంది.

నర్సన్న పోయిన మూడో రోజున పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టిందా, పోయినవాడి మనసు నిమ్మళించినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, ఆ కోరిక ఏమిటో ఊహించి, మాట ఇవ్వాలి. ఆ రోజు కోడికూర పెట్టారు, కల్లు పోశారు, బీడీ కట్ట కూడా పెట్టారు. తుమ్మచెట్టు నిండా కాకులే గాని ఒక్కటీ దిగలేదు. పెంటవ్వ తమ్ముడు లింబయ్య ముందుకు వచ్చి, “అల్లుడా, నీ బిడ్డను నా బిడ్డ లెక్క సాక్త,” అన్నాడు. దిగలేదు. ఇరవై రెండేళ్ళ లింగవ్వ కొంగు నోట్లో కుక్కుకొని, “నేను మారుమనువు పోను. నీ ఇంట్లనే ఉంట,” అంది. అందరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. పెంటవ్వ ఆ ఎండలో విస్తరి దగ్గరికి పోయి ఒక్క అరుపు అరిచింది:

“బిడ్డా! నిన్ను సంపినోన్ని ఉరికంబం ఎక్కించేదాక నేను ఊకోను. తిను కొడుకా!”

ఒక కాకి దిగింది. దాని వెనక ఇంకొకటి. విస్తరి చిందరవందరైపోయింది. “గదే అడిగిండు పోరడు,” అన్నారంతా. ఆ రోజునుంచీ అది పెంటవ్వ మాట కాదు, నర్సన్న కోరిక.

మరి గొంతులో ఆ ముల్లు ఎప్పుడు పడిందంటారా? మొన్న అస్లం వకీలు వచ్చినప్పుడు పడింది. జిల్లా పట్నం ఇందూరు మనిషి, నెమ్మదస్తుడు. ఎండలో బస్టాండు నుంచి నడిచి వచ్చి, పెంటవ్వ వేసిన గొంగడి మీద కూర్చొని, నీళ్ళు తాగి, సంగతి చెప్పాడు.

“అవ్వా, నేను దేవిదాస్ తరఫున వచ్చిన. దాచిపెట్టేదేం లేదు. దయ అర్జీ మీద మీ వేలిముద్ర అడిగెతందుకు వచ్చిన.”

“సిగ్గు లేదా వకీల్ సాబ్?” అంది పెంటవ్వ.

“ఉంది. అందుకే కుర్చీ అడగలే, కిందనే కూసున్న.” ఆ మాటకు పెంటవ్వకు నవ్వు రాబోయి ఆగింది. “మీరు మాఫ్ చేస్తె సర్కారు తప్పకుండ వింటదని చెప్ప. అది వాల్ల ఇష్టం. గని తల్లి మాటకు వజన్ ఉంటది. ఒద్దంటె ఒద్దు. మీ మర్జీ.”

పెంటవ్వ వద్దనే అనబోయింది. అప్పుడు కనబడింది, కంచె అవతల దేవిదాస్ తల్లి తారాబాయి. రెండేళ్ళుగా ఇద్దరూ ఎదురుపడలేదు. ఒకరు వస్తుంటే ఒకరు సందు మారేవారు. తారాబాయి లోపలికి అడుగు పెట్టలేదు, ఏడవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. కంచె పట్టుకొని ఒకే ఒక్క మాట అడిగింది.

“అక్కా, వాన్ని ఉరి తీసినంక పీనుగను ఇస్తరట. ఇస్తె, మొయ్యడానికి నాకు నలుగురు లేరు. ఊర్లె ఒక్కలు రారు. నేనొక్కదాన్ని ఎట్ల మొయ్యాలె?”

“నన్నడుగుతవేందే, ముండా!” అని లేచి లోపలికి పోయింది పెంటవ్వ. పోయిందే గాని, ఆ ప్రశ్న ఆమె వెంటే లోపలికి వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది.

నిన్న లింబయ్య వచ్చాడు. పసుపు అమ్మడానికి ఇందూరు మార్కెట్టుకు పోతే అక్కడ ఒక పెద్ద ప్లీడరు కబురు చెప్పి పంపాడట. ఉరిశిక్ష ఉండాలా, ఉండొద్దా అని గ్రంథాలయం హాల్లో సభ పెడుతున్నారు. అస్లం వకీలు వద్దని మాట్లాడతాడు, ప్లీడరు గారు ఉండాలని మాట్లాడతారు. చంపబడిన మనిషి తల్లి వచ్చి ఒక్క మాట అంటే చాలు, ఇక వకీళ్ళ మాటలు ఎవరూ వినరు. “మన నర్సన్న పేరు పేపర్ల పడ్తదక్కా,” అన్నాడు లింబయ్య.

మర్నాడు బస్సులో అత్తా కోడళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. పిల్లను లింబయ్య భార్య దగ్గర విడిచి వచ్చారు. బోధన్ దగ్గరికి వచ్చేసరికి మిల్లులోని చెరుకు మడ్డి వాసన బస్సంతా నిండింది. చెరుకు బండ్ల వరస రోడ్డు మలుపుదాకా ఉంది. లింగవ్వ కిటికీలోంచి ఆ వరసనే చూసింది, మలుపు తిరిగేదాకా.

“లింగీ,” అంది పెంటవ్వ. “తారి అడిగింది ఇన్నవా?”

“ఇన్న.”

“మరి?”

“మరేంది? నా మొగన్ని మొయ్యడానికి ఊరంత వచ్చింది. గందుకు నేను సంబురపడాల్నా?” లింగవ్వ గొంతు పెంచలేదు. అదే కష్టం. “ఉరి తప్పితె ఏమైతదో వకీలు నీకు చెప్పలే. నేను అడిగి తెలుసుకున్న. యావజ్జీవమంటరు గని కొన్నేండ్లకు ఇడుస్తరు. జైల్ల బువ్వ తిని, గడ్డం గీక్కొని వస్తడు. మన ముంగటికెల్లే బండి తోలుకుంట పోతడు. నా బిడ్డ పెండ్లీడుకొస్తది. వాన్ని చూపించి ‘గాయన ఎవరమ్మా’ అంటె ఏం జెప్పాలె?”

పెంటవ్వ ముందు సీటు కడ్డీ పట్టుకుంది.

“నేను పిట్ట ముంగట మాట ఇచ్చిన. దాని మీదనే ఉన్న. మా అవ్వ మొన్న గూడ వచ్చి, ‘ధర్పల్లిల సంబంధముంది’ అంటె ఎల్లగొట్టిన. నేను నిలబడ్డ మాట మీద నువ్వు నిలబడవా?”

“నిలబడనని ఎవరన్నరే?” అంది పెంటవ్వ. కాని చేతులు ఒళ్ళో నిలవక కొంగు ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాయి.

హాలు నిండిపోయింది. తెల్లచొక్కాలు, షేర్వాణీలు, కాలేజీ పిల్లలు, వెనక గోడకు ఆనుకొని రిక్షా తొక్కేవాళ్ళు. పెంటవ్వను ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టి సోడా తెచ్చి ఇచ్చారు. గోలీ టప్పుమంటే ఉలిక్కిపడి సగం మీద పోసుకుంది.

ముందు బడి పెద్ద పంతులమ్మ విమలమ్మ లేచింది. “భయం లేకపోతే నా బడిలో ఒక్క తరగతి నడవదు. ఇంత దేశం నడుస్తుందా? చంపితే చావు తప్పదన్న భయమే పదిమందిని కాపాడుతుంది,” అంది. బాగానే ఉందనిపించింది పెంటవ్వకు.

అస్లం వకీలు లేచాడు. “విమలమ్మ గారు ఒక పిల్లవాణ్ణి పొరపాటున కొడితే, మర్నాడు దగ్గరికి తీసుకొని బుజ్జగించవచ్చు. ఉరి తీశాక పొరపాటు తెలిస్తే ఎవరిని బుజ్జగించాలి?” అన్నాడు. ఇదీ బాగానే ఉందనిపించింది.

“మీ దేవిదాస్ సంగతిల పొరపాటు ఏముంది వకీల్ సాబ్?” అని వెనకనుంచి ఎవరో అరిచారు. “కట్ట మీద అందరు సూడంగనే నరికిండు గద!”

“పొరపాటు లేదు. చంపిండు,” అన్నాడు అస్లం.

“నీ కొడుకును సంపితె తెలుస్తుండె నీకు!”

హాలంతా గొల్లుమంది. అస్లం నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. “నిజమే అన్నా. అప్పుడు నేను గూడ ఉరే అడుగుత. అందుకేగద, తీర్పు చెప్పెతందుకు నన్ను కూసోబెట్టరు.”

తర్వాత పెద్ద ప్లీడరు లేచాడు. ఆయన గొంతు గుడిగంటే. “హంతకుడి మీద దయ, దయ అంటున్నారు. ఈ తల్లి మీద దయ ఎవరిది?” అని పెంటవ్వ వైపు చెయ్యి చూపాడు. ఆ తర్వాత పిట్ట సంగతి ఎత్తుకున్నాడు. లింబయ్య చెప్పి ఉంటాడు. ఎండ, విస్తరి, తుమ్మచెట్టు, దిగని కాకులు, అన్నీ చెప్పాడు. పెంటవ్వ అరిచిన అరుపు కూడా తన గొంతుతో అరిచి చూపాడు. “అంతే, కాకి దిగింది! చచ్చినవాడి ఆత్మ న్యాయం అడిగింది, అయ్యలారా!”

హాలు చప్పట్లతో అదిరిపోయింది. ఎవరో ఈల కూడా వేశారు.

పెంటవ్వకు ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. ఆ ఎండలో కొడుకుకూ తనకూ మధ్య జరిగిన మాట అది. పేగు తెంపుకొని అరిచిన అరుపు. దానికి ఈలలా? ముఖం తిప్పి చూస్తే లింగవ్వ కూడా చప్పట్లు కొట్టడం లేదు, తల వంచుకొని ఉంది.

“రండమ్మా, ఒక్క మాట చెప్పండి,” అన్నాడు ప్లీడరు. పెంటవ్వ మైకు ముందు నిలబడింది. అది కుయ్యిమంటే ఒకడుగు వెనక్కి వేసింది.

“నాకొకటి జెప్పుండ్రి సారు. గా తాడు ఎవరు గుంజుతరు?”

ప్లీడరు తడబడ్డాడు. “జైల్లో దానికో మనిషి ఉంటాడమ్మా.”

“గాయనకు జీతమెవరిస్తరు?”

“సర్కారు.”

“సర్కారంటె?”

ప్లీడరు సభ వైపు తిరిగి నవ్వాడు. “సర్కారంటే మనమేనమ్మా! మీరూ ఓటు వేశారు కదా?”

“ఏసిన. రెండుసార్లేసిన. వేలికి సిరా పూసిండ్రు.” పెంటవ్వ ఆ వేలిని చూసుకుంది. “నిజాం దొర కాలంల ఉరి తీస్తె పాపమో పున్నెమో దొరది. ఇప్పుడు మనదన్నట్టు. అంటె ఆ తాడుకు నా చెయ్యి గూడ తలుగుతది. మీ అందరి చేతులు తలుగుతయి.”

వెనక గోడ దగ్గరి రిక్షావాళ్ళు ముందుకు జరిగారు.

“పిట్టకు మాటిచ్చింది నేను. కడుపు మండి ఇచ్చిన. గప్పుడు వాడు నా ముంగట ఉంటె నేనే సంపుదును, దాచుడెందుకు? అది తల్లి నోటి మాట. దాన్ని మీరెందుకు పట్టుకున్నరు? ఇప్పుడు మీరు సప్పట్లు గొట్టిండ్రు. కడుపు మండినోల్లు సప్పట్లు కొడ్తరా అయ్యా?” ప్లీడరు వైపు తిరిగింది. “వాన్ని ఇడిసిపెట్టుమంటలేను. ఇడిసిపెట్టకుండ్రి. గని నా కొడుకు పేరు జెప్పి ఉరి తియ్యకుండ్రి. ఏమన్న పాపముంటె, మాట తప్పిన పాపం నాదే. నర్సన్న అడిగితె నన్నడుగుతడు.”

“ఈమెకు ఎవరో నేర్పి పంపించారు!” అన్నాడు ప్లీడరు. “ముసల్దానికి మతి పోయింది,” అని ఒకరు, “మాట్లాడనియ్యండి,” అని ఒకరు, కుర్చీలు కిర్రుమన్నాయి. పెంటవ్వ ఎవరి మాటా వినకుండా మెట్లు దిగి, అస్లం వకీలు దగ్గరికి పోయి బొటనవేలు చాచింది. అతను సిరా పెట్టె తెరిస్తే, వేలు అద్ది అర్జీ మీద వేసింది. తల తిప్పి చూసేసరికి లింగవ్వ కుర్చీ ఖాళీగా ఉంది.

బస్టాండులో, పసుపు బస్తాలు దించే చోట దొరికింది. ముఖం నిండా పసుపు దుమ్ము, ఏడ్చినచోట చారలు.

“నీ మాట నువ్వు తప్పినవు,” అంది. “మరి నా మాట?”

“నీది గూడ ఇడువు.”

“అబ్బా! గింత అల్కగనా?”

“అల్కగ గాదు బిడ్డా. కాకి నీ మాటకు దిగలే, నా మాటకు దిగింది అన్నరు. ఎండ ఎక్కిందే. దానికి ఆకలయ్యిందే. మనకు తోచింది మనం అనుకున్నం. నువ్వు ఇరవై రెండేండ్లకు నోట్ల కొంగు కుక్కుకొని అన్న మాట, దాంతోని నిన్ను నేను ఇంటెనుక కట్టేసిన బర్రె లెక్క సూస్కుంట ఊకున్న. నీ మనసుల ఏముందో అడగనన్న అడగలే.”

లింగవ్వ పట్టరాని కోపంతో చూసింది. “ఇప్పుడు నన్ను గూడ ఎల్లగొడ్తవా?” అని వెళ్ళి బస్సెక్కింది. దారి పొడుగునా ఇద్దరి మధ్య ఒక ఖాళీ సీటు కూర్చొని వచ్చింది.

ఇంటికి వచ్చాక లింగవ్వ పొయ్యి వేరు పెట్టింది. ఒకే చూరు కింద రెండు పొగలు. పిల్ల ఇక్కడ రెండు ముద్దలు, అక్కడ రెండు ముద్దలు తిని తిరిగేది. లింబయ్య ఇంటికి రావడం మానేశాడు. దారిలో ఎదురైతే, “పేరు పేపర్ల పడ్డది అక్కా, తల్లే మాట తప్పిందని,” అని ఎత్తిపొడిచి పోయాడు. పెంటవ్వ ఒకటే తిరుగుడు: చేనుకు పోయి సగం నుంచి వెనక్కి రావడం, నిద్రలో లేచి కూర్చొని కొడుకు పేరు పిలవడం. కాకి చూరు మీద వాలితే కళ్ళు దించుకొని పని చేసుకొనేది.

తొలకరి పడ్డాక అస్లం వకీలు కబురు తెచ్చాడు. ఉరి రద్దు చేసి యావజ్జీవం చేశారు. పెంటవ్వ వేలిముద్ర వల్లనో, మరి దేనివల్లనో, ఢిల్లీవాళ్ళు చెప్పరు. ఆయన పోయిన కాసేపటికి వానలో తడుస్తూ తారాబాయి వచ్చింది. ఈసారి కంచె దాటి వచ్చి, వాకిట్లో బురదలో పడి కాళ్ళు పట్టుకుంది.

“లే,” అంది పెంటవ్వ. “లే అంటున్న గద! నేను నీ కొడుకును మాఫ్ చెయ్యలె. జన్మల చెయ్య. ఉరి అడగలె, గంతె.”

“గంతె చాలక్కా.” తారాబాయి లేచి, కళ్ళు తుడుచుకొని, వెళ్ళబోయి ఆగింది. “ఎన్నడో వాడొస్తడు. వస్తె, ఈ ఊర్లె ఉండనిస్తరా?”

దేవిదాస్ ఆ సందులోంచి నడిచి రావడం పెంటవ్వ కళ్ళముందు కనబడింది. ఒళ్ళు మండింది. వేలిముద్ర వేసిన రోజునా అంతే మండింది, ఇప్పుడూ అంతే మండింది. అది తగ్గుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. లింగవ్వ తన పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చి గడపలో నిలబడింది.

“గది ఇప్పుడు అడుగుడెందుకు?” అంది తారాబాయితో. “వచ్చిన్నాడు ఈమెనే అడుగు, ఉంటె. నేను, నా బిడ్డ గప్పటికి ఈడనే ఉండాలని ఏమున్నది?”

తారాబాయి వెళ్ళిపోయింది. పెంటవ్వ కోడలి ముఖంలోకి చూసింది. లింగవ్వ ముఖంలో కోపం లేదు. అక్కడ ఉన్నదేమిటో పెంటవ్వకు అంతుపట్టలేదు.

“ధర్పల్లి సంబంధానికి మీ అవ్వకు కబురు పంపినవా?” అని మెల్లగా అడిగింది.

“పంపలె. పంపాల్నా వద్దా అని సూస్తున్న.”

“పంపు,” అంది పెంటవ్వ. అన్నాక, తల్లి వెంట పోయే పిల్ల ఇప్పుడు ఎక్కడుందో చూడాలనిపించింది. పెరట్లో లేదు, బర్రె దగ్గర లేదు. కొంగు నడుముకు చుట్టుకొని, వానలోనే పిల్లను పేరు పెట్టి పిలుస్తూ సందులోకి నడిచింది.